ఎఫ్రాయీము తల్లి పేరు

వాడరేవు నుంచి చీరాల మీదుగా గుంటూరు వైపు బయల్దేరితే బాపట్ల, పొన్నూరు దాటాక చేబ్రోలు వస్తుంది. ఆ మండలంలో కొత్తరెడ్డిపాలెం ఒక మామూలు వ్యవసాయ గ్రామం. పత్తి, మిరప, వరి పండే ఈ నేలలో కూలికి వెళ్ళే మాదిగ స్త్రీల బతుకు పక్క ఊళ్ళ మాదిగ స్త్రీల బతుకు లాంటిదే. అయితే ఇక్కడి మాదిగపల్లెలో కొన్ని పదుల కుటుంబాలు 1980ల నుంచీ తాము యూదులమని చెప్పుకుంటున్నాయి. బెనె ఎఫ్రాయీము, అంటే ఎఫ్రాయీము సంతానం అన్నది వాళ్ళు తమకు పెట్టుకున్న పేరు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో అస్సీరియన్లు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూలదోశారు. అప్పుడు చెల్లాచెదురైన పది గోత్రాల్లో ఎఫ్రాయీము గోత్రం ఒకటి. ఆ గోత్రం వాళ్ళే తిరిగి తిరిగి తెలుగునేలకు చేరారనీ, కాలక్రమంలో అంటరానివాళ్ళయ్యారనీ వీరి కథనం.

ఈ కథనానికి రూపమిచ్చిన అన్నదమ్ములు షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి. క్రైస్తవ నేపథ్యం నుంచి వచ్చినవాళ్ళు. షమూయేలు మొదట క్రైస్తవ ప్రచారకుడు. 1980ల మొదట్లో యెరూషలేము వెళ్ళొచ్చాక ఈ దారి పట్టాడు. 1990ల మొదట్లో కొత్తరెడ్డిపాలెంలో ప్రార్థనాలయం వెలిసింది. శనివారం విశ్రాంతి, హీబ్రూ ప్రార్థన, యూదుల పండుగలు మొదలయ్యాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇక్కడ పనిచేసి 2013లో ‘ద జూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్’ అనే పుస్తకం తెచ్చారు. ఈ సముదాయాన్ని కులం, మతం రెండూ కలిసే చోట నిలబెట్టి చూసిన పుస్తకం అది.

పుస్తకాల సంగతి ఎలా ఉన్నా, వీరి గురించి వచ్చిన పత్రికా కథనాలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ‘వీళ్ళు నిజంగా యూదులేనా?’ రుజువు కావాలి. వంశవృక్షం కావాలి. రాతపత్రం కావాలి. అవి లేకపోతే రక్తపరీక్ష కావాలి. ఈ ప్రశ్నలో తండ్రి ఉన్నాడు, తాత ఉన్నాడు, గోత్రపురుషుడు ఉన్నాడు. తల్లి లేదు. ఆమెను వెతకాలంటే వంశవృక్షం కన్నా పండుగ మంచి చోటు. అందులోనూ గుడిలో కాక ఇంట్లో జరిగే పండుగ, అంటే యూదుల చలికాలపు పండుగ హనుక్కా.

గ్రంథంలో లేని పండుగ

హనుక్కా అంటే ప్రతిష్ఠ. క్రీ.పూ. 167లో సిరియాను ఏలే గ్రీకు రాజు నాలుగో అంటియోకస్ యెరూషలేము ఆలయాన్ని మైలపరిచాడు, యూదుల ఆచారాలను నిషేధించాడు. యూదా మక్కబీ నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. మూడేళ్ళ తర్వాత, క్రీ.పూ. 164లో, ఆలయాన్ని శుద్ధిచేసి తిరిగి ప్రతిష్ఠించారు. ఆ ప్రతిష్ఠకు గుర్తుగా ఎనిమిది రాత్రులు దీపాలు పెడతారు. ఒక్క రోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న అద్భుతం ఎక్కువమందికి తెలిసిన కథ. ఆ కథ మక్కబీయుల గ్రంథాల్లో లేదు. కొన్ని శతాబ్దాల తర్వాత తల్ముదులో కనిపిస్తుంది. అంటే దీపం ముందు వెలిగింది, దాని కథ తర్వాత వచ్చింది.

ఇంకో విశేషం ఉంది. ఈ పండుగ కథ యూదుల హీబ్రూ బైబిల్లో లేదు. మక్కబీయుల గ్రంథాలు గ్రీకులో నిలిచాయి. కతోలికుల బైబిల్లో చేరాయి. ప్రొటెస్టెంట్లు వాటిని పక్కన పెట్టారు. అందుకే మన ప్రాంతంలో బాప్టిస్టు, లూథరన్ గుడులకు వెళ్ళే దళిత స్త్రీ చదివే బైబిల్లో పస్కా ఉంది, పర్ణశాలల పండుగ ఉంది, ఎస్తేరు కథతో పూరీము ఉంది. హనుక్కా మాత్రం లేదు. ఒక్కచోట తప్ప. యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు యెరూషలేము ఆలయంలో తిరుగుతున్న సందర్భంలో ‘ప్రతిష్ఠిత పండుగ’ అన్న మాట ఒకటి వస్తుంది. అది చలికాలమని కూడా అక్కడే ఉంటుంది. అంతే. ఎవరి పండుగ, ఎందుకు చేస్తారు, ఏం వండుతారు, ఎవరు దీపం పెడతారు అన్నదేమీ లేదు.

కాబట్టి ఈ నేల మీద క్రైస్తవం నుంచి యూదు మతానికి వచ్చేవాళ్ళకు మిగిలిన పండుగలు కనీసం పేరు తెలిసిన పండుగలు. హనుక్కా మాత్రం మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే. ఏడు కొమ్మలు కాకుండా తొమ్మిది కొమ్మల దీపస్తంభం కావాలని, తొమ్మిదోది మిగతావాటిని వెలిగించడానికి పెట్టే సేవకదీపమని, మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు చొప్పున పెంచుతూ పోవాలని నేర్చుకోవాలి. సేవకదీపాలతో కలిపి ఎనిమిది రాత్రులకు నలభై నాలుగు వత్తులు. అమెరికాకు చెందిన ‘కులాను’ అనే సంస్థ తరఫున 2000లలో ఒక రబ్బీ, ఆయన భార్య కొత్తరెడ్డిపాలెం వచ్చి ప్రార్థనలూ ఆచారాలూ నేర్పారు.

‘నేర్చుకున్న పండుగ సొంత పండుగ ఎలా అవుతుంది?’ అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళు మరికొన్ని చరిత్రలు చూడాలి. కొంకణ తీరంలో నూనె గానుగలాడిస్తూ, శనివారం పని మానేస్తారు గనక ‘శనివార్ తేలీ’లని పేరు పడ్డ బెనె ఇశ్రాయేలీలకు పూర్వం హనుక్కా తెలియదు. తమ పూర్వీకులు మక్కబీయుల విజయానికి ముందే దేశం విడిచారు గనక తెలియలేదని వాళ్ళు చెప్పుకుంటారు. నూనె గానుగవాళ్ళకు నూనెదీపాల పండుగను కొచ్చిన్ నుంచి వచ్చిన గురువులు తర్వాత నేర్పారు. ఇథియోపియా యూదులు కూడా బయటి యూదులతో సంబంధం ఏర్పడేదాకా హనుక్కా చేయలేదు. వాళ్ళను 1973లో ఇశ్రాయేలు సెఫార్దీ ప్రధాన రబ్బీ యూదులుగా గుర్తించాడు. అమెరికాలో హనుక్కా చాలాకాలం చిన్న పండుగే. 19వ శతాబ్దం చివర సిన్సినాటి రబ్బీలు, ఆ తర్వాత నగరాల్లోని యూదు గృహిణులు పక్కింటి క్రిస్మస్ చెట్టును చూసే తమ పిల్లల కోసం దాన్ని పెద్ద పండుగ చేశారని డయాన్ ఆష్టన్ 2013లో వచ్చిన తన పుస్తకంలో వివరించింది. ఎక్కడైనా పండుగను ఎవరో ఒకరు నేర్చుకున్నారు, ఎవరో ఒకరు పిల్లలకు నేర్పారు. మిగతావాళ్ళను అడగని ‘నిజమేనా?’ అన్న ప్రశ్న మాదిగపల్లెను మాత్రం ఎందుకు అడుగుతున్నాం?

కుండలోకి వచ్చిన నియమాలు

మాదిగ స్త్రీలకు మతం మారడం ఇది మొదటిసారి కాదు. 1866లో యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకోవడంతో ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో బాప్టిస్టు ఉద్యమం మొదలైంది. 1876-78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొత్తగా చేరేవాళ్ళకు క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

ఈ మూడింటినీ ఆడవాళ్ళ వైపు నుంచి చదివి చూడండి. ఆదివారం పని మానితే ఆసామి తిట్లు, పోయిన కూలి గింజలు ఇద్దరికీ ఉన్నా, ఆ రాత్రి పొయ్యి మీద ఏం పెట్టాలన్న చింత ఆమెది. చచ్చిన గొడ్డును మానేయమన్న నియమం ఆమె కుండలోకి వచ్చిన నియమం. కరువు రోజుల్లో దాని బదులు ఇంకేం వండాలో షరతు పెట్టినవాళ్ళు చెప్పలేదు. విగ్రహాల్లో ఆమె పిల్లల్ని కాపాడిన అమ్మవారు కూడా ఉంది.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగల గురించి ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకం రాసింది. అంతకు ఒక ఏడాది ముందు ఆమె మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద తన పరిశోధన ప్రచురించింది. స్త్రీల హక్కుల తొలి సిద్ధాంతకర్తను చదివిన మనిషి మన పల్లెల్లో మాతంగిని చూసింది. అగ్రకులాల మీద ఉమ్మగల, వాళ్ళను తిట్టగల, అయినా వాళ్ళచేత మొక్కించుకోగల మాదిగ స్త్రీ మాతంగి. ఆ అధికారం వెనక ఉన్న దోపిడీని మనం మర్చిపోకూడదు. కానీ మాతంగిని వదిలించుకోవడం సంస్కరణగా మాత్రమే నమోదైంది. ఆమెతోపాటు ఏ గొంతు పోయిందో లెక్కలోకి రాలేదు.

కొత్త మతం మళ్ళీ కుండ దగ్గరికే వచ్చింది. బెనె ఎఫ్రాయీములు తాము గొడ్డుమాంసం తినడాన్ని ఇశ్రాయేలు పూర్వీకుల ఆనవాలుగా చెప్పుకుంటారని ఎగొరోవా, పర్వేజ్ గమనించారు. ఇది చిన్న విషయం కాదు. ఏ తిండిని చూపి ఊరు వాళ్ళను వెలివేసిందో ఆ తిండినే వాళ్ళు వారసత్వపు రుజువుగా తిప్పి నిలబెట్టారు. అదే సమయంలో యూదు ధర్మం రక్తాన్ని నిషేధిస్తుంది, మాంసంలోంచి రక్తమంతా ఉప్పుతో తీసేయమంటుంది. గడ్డకట్టిన రక్తంతో ‘నల్ల’ వండుకునే పల్లెల్లో ఈ నియమాన్ని అమలుచేయాల్సింది ఎవరు? ప్రార్థన హీబ్రూలో నేర్చుకున్నది మగవాళ్ళయినా, మతాన్ని కత్తిపీట మీద, పొయ్యి మీద రోజూ నేర్చుకోవాల్సింది ఆడవాళ్ళు.

దీపం వెలిగినంతసేపు

హనుక్కాకు యూదు ధర్మశాస్త్రంలో ఒక ప్రత్యేకత ఉంది. కాలానికి కట్టుబడ్డ చాలా విధుల నుంచి ఆ శాస్త్రం స్త్రీలను ‘మినహాయించింది’. ఆ మినహాయింపు వల్లే వాళ్ళు సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది లెక్కలోకి కూడా రాలేదు. హనుక్కా దీపం విషయంలో మాత్రం స్త్రీలకూ ఆ విధి ఉందని తల్ముదు చెబుతుంది. ఆ అద్భుతంలో వాళ్ళకూ భాగముంది గనక అన్నది రబ్బీ యెహోషువ బెన్ లేవీ చెప్పిన కారణం. దీపాలు వెలుగుతున్నంతసేపు స్త్రీలు పని చేయకూడదన్న ఆచారం మధ్యయుగాల ధర్మశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. కనీసం అరగంట వెలిగేంత నూనె ఉండాలన్నది నియమం.

డిసెంబరులో మన పొలాల్ని తలచుకుంటే ఈ అరగంట విలువ తెలుస్తుంది. పత్తి తీతలు నడుస్తుంటాయి. మిరప కోతలు మొదలవుతుంటాయి. రెండూ ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పనులు. పత్తికాయ మొనలకు గీరుకుపోయిన వేళ్ళు, మిరపఘాటుకు మండే చేతులు. ఇంటికొచ్చాక నీళ్ళు, వంట, పిల్లలు. రోజుకూలి మీద బతికేవాళ్ళకు శనివారం పూర్తిగా పని మానేయడమంటే వారంలో ఒకరోజు కూలి వదులుకోవడం. హనుక్కా అలా కాదు. పగలు పనికి పోవచ్చు. పొద్దుగూకాక దీపం పెట్టాలి, పెట్టాక కూచోవాలి. మామూలుగా మన పండుగలన్నీ ఆడవాళ్ళకు అదనపు చాకిరీ. ఒక పండుగ ‘నువ్వు కాసేపు పని చేయకపోవడమే ఆచారం’ అంటే అది మనకు కొత్త. ఆ అరగంటను ఏ ఇంట్లో నిజంగా ఇస్తున్నారో, నూనెలో వేయించాల్సిన వంటల పేరుతో ఏ ఇంట్లో మళ్ళీ లాక్కుంటున్నారో వేరే సంగతి. అద్భుతం నూనెది గనక నూనెలో వేగిందేదైనా ఈ పండుగకు తగిన తిండే. తూర్పు ఐరోపా యూదులకు బంగాళదుంప అట్టు, ఇశ్రాయేలులో జాము పెట్టిన బూరె లాంటి సుఫ్గనియా. గారె, బూరె, అరిసె చేసే చేతులకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ.

పంచాంగం కూడా పరాయిది కాదు. యూదుల నెలలు మన నెలల్లాగే చంద్రుణ్ణి అనుసరిస్తాయి. పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అధికమాసం వస్తుంది. హనుక్కా కిస్లేవు నెల 25న మొదలై అమావాస్యను దాటి సాగుతుంది. మన లెక్కలో అది కార్తీక అమావాస్యో, మార్గశిర అమావాస్యో అవుతుంది. ఆశ్వయుజ అమావాస్యకు దీపావళి, తర్వాత నెలంతా ఆడవాళ్ళు అరటిదొప్పల్లో వదిలే కార్తీకదీపాలు, ఆపైన హనుక్కా. అప్పటికి ధనుర్మాసపు ముగ్గులు మొదలవుతుంటాయి. క్రైస్తవుల ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు లేస్తుంటాయి. క్రిస్మస్‌ను వదిలి హనుక్కా పట్టుకోవడమంటే దళితవాడల ఆడవాళ్ళకు కొత్త చీర, కేకు, పుట్టింటి పిలుపు ఉన్న ఏడాది పండుగను వదులుకోవడం. మతమార్పిడి చర్చల్లో సిద్ధాంతం కనిపించినంతగా ఈ నష్టం కనిపించదు.

దీపం ఎక్కడ పెట్టాలన్న దాని మీదా తల్ముదులో చర్చ ఉంది. గుమ్మం బయట, దారినపోయేవాళ్ళకు కనపడేలా పెట్టాలి. ప్రమాదకరమైన కాలమైతే ఇంట్లో బల్ల మీద పెట్టుకున్నా చాలు. తాము ఎవరో బయటికి చెప్పుకోవడం ఒక హక్కనీ, చెప్పుకోలేని రోజులుంటాయనీ ఆ శాస్త్రకారులకు తెలుసు. అంటరానితనం కింద బతికినవాళ్ళకు ఎవరూ వివరించక్కరలేని విషయం ఇది.

సువార్త ఎత్తిన బిందె

ఆ అద్భుతంలో స్త్రీల భాగమేమిటి? 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి జవాబు మన ఒంటిని జలదరింపజేస్తుంది. ప్రతి కొత్త పెళ్ళికూతురూ మొదట గవర్నరు పక్కలోకి వెళ్ళాలని గ్రీకులు శాసించారట. ఆ అద్భుతం ఒక స్త్రీ చేతిమీదుగానే జరిగిందట. దీని వెనక యూదితు కథ ఉంది. శత్రు సేనాపతికి ఆహారం పెట్టి, ద్రాక్షరసం తాగించి, నిద్రపోయినవాడి తల నరికిన విధవరాలు యూదితు. ఆమె గ్రంథం కూడా హీబ్రూ బైబిల్లో లేదు, ప్రొటెస్టెంటు బైబిల్లో లేదు. అయినా యూదు స్త్రీలు ఆమెను హనుక్కాలోకి తెచ్చుకున్నారు. ఆమె జున్ను పెట్టిందన్న జ్ఞాపకంతో పాలవంటకాలు తినే ఆచారం మిగిలింది. శాస్త్రం మర్చిపోయినదాన్ని వంటిల్లు గుర్తుపెట్టుకుంది.

అధికారంలో ఉన్నవాడి ఇష్టానికి కింది స్త్రీల శరీరాలు అందుబాటులో ఉండాలన్న శాసనం తెలుగు గ్రామాల్లో ఎవరూ రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు. వాడరేవుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని కారంచేడులో 1985 జూలైలో మంచినీటి చెరువు దగ్గర నీళ్ళను పాడుచేయడం మీద గొడవ వచ్చింది. కొట్టడానికి వచ్చిన భూస్వామ్య కులపు యువకుల మీదికి మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ తన బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ నేల మీదే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. చుండూరు, చేబ్రోలు రెండూ తెనాలి చుట్టుపక్కలవే. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది.

కొత్తరెడ్డిపాలెం ప్రార్థనాలయం సరిగ్గా ఈ పదేళ్ళలో పుట్టింది. ఒకటి ఇంకోదానికి కారణమని చెప్పడానికి నేను సాహసించను. కానీ ‘మేమెవరం?’ అన్న ప్రశ్న ఆ పదేళ్ళలో ఈ జిల్లాల మాదిగల నోట ఎన్నో రకాలుగా పలికింది. పేరు చివర మాదిగ అని గర్వంగా రాసుకోవడం ఒక జవాబు. మహాసభ ఒక జవాబు. ‘మమ్మల్ని కులంలో పెట్టకముందు మాకు ఇంకో చరిత్ర ఉంది’ అనడం మరో జవాబు. మూడో జవాబును వింత అని నవ్వి వదిలేస్తే మొదటి రెండింటి వెనకున్న ఆకలిని కూడా మనం అర్థం చేసుకోలేం.

తల్లి ఎవరు?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. బైబిలు కాలంలో వంశం తండ్రిది. కానీ దాదాపు రెండో శతాబ్దం నుంచీ రబ్బీల ధర్మంలో యూదుతనం తల్లి నుంచి వస్తుంది. ఇశ్రాయేలు పౌరసత్వపు హక్కుకు మూలమైన 1950 నాటి చట్టానికి 1970లో చేసిన సవరణ యూదు తల్లికి పుట్టినవారు లేదా మతం పుచ్చుకున్నవారు యూదులని నిర్వచించింది. పోయిన గోత్రాల కథేమో పూర్తిగా తండ్రుల కథ: యాకోబు, యోసేపు, ఎఫ్రాయీము. అడిగేవాళ్ళు తల్లిని అడుగుతారు, కథలో తండ్రి మాత్రమే ఉంటాడు. ఈ రెండింటి మధ్యా బెనె ఎఫ్రాయీములు చిక్కుకున్నారు. మణిపూర్, మిజోరంల బెనె మెనాషెలను 2005లో ఇశ్రాయేలు సెఫార్దీ ప్రధాన రబ్బీ పోయిన గోత్రపు సంతతిగా గుర్తించాడు. అయినా లాంఛనంగా మతం పుచ్చుకోవాలన్నారు. తెలుగు యూదులకు అలాంటి గుర్తింపు కూడా రాలేదు.

అయితే ఎఫ్రాయీము తల్లి ఎవరు? ఆదికాండం నలభై ఒకటో అధ్యాయంలో ఆమె పేరు ఉంది. ఆసెనతు. ఐగుప్తు దేశపు ఓను పట్టణంలో పూజారి కూతురు. అంటే పరాయి జాతి, పరాయి దేవుడి గుడి. ఆమెకు పుట్టినవాళ్ళే మనష్షే, ఎఫ్రాయీము. ఇవాళ్టి నిబంధన అప్పుడే ఉండి ఉంటే ఎఫ్రాయీమునే యూదుడని ఒప్పుకునేవాళ్ళు కాదు. ఈ ఇబ్బంది ప్రాచీనులకూ తెలుసు. అందుకే ఒక పురాణం ఆసెనతును యాకోబు కూతురు దీనా కన్నబిడ్డగా మార్చింది. ఒక గ్రీకు కథ ఆమె విగ్రహాలు పారేసి మతం పుచ్చుకున్నట్టు చెప్పింది. తల్లికి కొత్త పుట్టుక కల్పించి కొడుకు వంశాన్ని సరిచేశారు. ఐగుప్తు పూజారి కూతురికి ఆ సౌకర్యం దొరికింది. కొత్తరెడ్డిపాలెం మాదిగ తల్లికి దొరకలేదు. ఈనాటికీ శుక్రవారం రాత్రి యూదు తల్లిదండ్రులు కొడుకుల తల మీద చేయిపెట్టి ఎఫ్రాయీము, మనష్షేల్లా ఉండమని దీవిస్తారు. పరాయి తల్లి పిల్లల పేర్లవి. కూతుళ్ళను శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లా ఉండమంటారు. ఆసెనతులా ఉండమని ఎవరూ అనరు.

మన దేశపు చట్టం ఇంకోవైపు నుంచి పట్టుకుంటుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు లేరు, ముస్లింలు లేరు, యూదులూ లేరు. కూతురి చదువు, హాస్టలు, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడ్డప్పుడు దళిత క్రైస్తవ ఇళ్ళలో మనకు బాగా తెలిసిన రెండు పేర్ల బతుకు యూదు ఇంటికీ తప్పదు. బయటి యూదులు ‘రుజువు చూపించు’ అంటారు, ఇక్కడి ప్రభుత్వం ‘రుజువు చూపిస్తే నీ హక్కు పోతుంది’ అంటుంది.

ఇదంతా చెప్పి ఈ కొత్త మతం స్త్రీలకు విముక్తి అనడం నా ఉద్దేశం కాదు. సనాతన యూదు ధర్మంలో ప్రార్థనకు లెక్కించేది పదిమంది మగవాళ్ళనే. నెలసరి చుట్టూ కఠినమైన నియమాలున్నాయి. మాదిగ స్త్రీలను ఊరు వెలివేయడానికి వాడిన శుచీ అశుచీ భాషే ఇంకో పేరుతో ఇంట్లోకి రావడం లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి తోడుగా యూదు స్త్రీలే ఉన్నారు. 1935లో బెర్లిన్‌కు చెందిన రెజీనా యోనాస్ మొదటి మహిళా రబ్బీ అయింది. 1944లో ఆమెను ఆష్విట్స్‌లో చంపేశారు. 1990లో జూడిత్ ప్లాస్కో తన ‘స్టాండింగ్ అగైన్ ఎట్ సీనాయి’లో ధర్మశాస్త్రం మగవాళ్ళ జ్ఞాపకమనీ, స్త్రీలు తమ జ్ఞాపకాన్ని తామే తిరిగి నిర్మించుకోవాలనీ వాదించింది. కొచ్చిన్ యూదు స్త్రీలు తరతరాలుగా మలయాళంలో పాటలు కట్టి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. రూబీ డేనియల్ తన జీవితకథ చెప్పి 1995లో పుస్తకంగా తెచ్చింది. ట్యునీషియా, లిబియా యూదు స్త్రీలు హనుక్కా ఏడో రాత్రి, కొత్త నెల మొదలయ్యే వేళ, ‘ఈద్ అల్ బనాత్’ అని కూతుళ్ళ పండుగ చేసుకునేవారు. మొత్తం యూదు ప్రపంచం ఒప్పుకున్నాక వాళ్ళు ఆ పండుగ మొదలుపెట్టలేదు.

మనకు ఇక్కడ చేయాల్సిన పని ఉంది. ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో తెలంగాణ స్త్రీల గొంతులను చరిత్రగా నిలబెట్టింది. ‘నల్లపొద్దు’ 2003లో దళిత స్త్రీల రచనను ఒకచోట చేర్చింది. ఆ వరసలో తెలుగు యూదు స్త్రీల మాట ఇంకా చేరలేదు. వాళ్ళ గురించి ఉన్నదంతా ఎక్కువగా ఇంగ్లీషులో, ఎక్కువగా నాయకుల నోట. వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ‘మీరు యూదులేనా?’ అని అడగడం మానేయాలి. మొదటి హనుక్కాకు ఎవరు ఏ నూనె పోశారు, క్రిస్మస్ మానేసిన ఏడాది పుట్టింటివాళ్ళు ఏమన్నారు, నల్ల వండడం ఎప్పుడు మానారు, మానినందుకు ఎవరు బాధపడ్డారు, దీపం వెలిగినంతసేపు మిమ్మల్ని కూచోనిస్తున్నారా అని అడగాలి. ఆ జవాబులు ఏ రబ్బీ కోర్టులోనూ రుజువులుగా చెల్లకపోవచ్చు. ఆసెనతు సంగతి కూడా ఎవరూ ఆమెను అడగలేదు. అందుకే ఆమె ఎవరి కూతురన్న వాదన రెండువేల ఏళ్ళయినా తెగలేదు. కొత్తరెడ్డిపాలెం తల్లుల గురించి అలాంటి వాదన మిగలకుండా ఉండాలంటే, వాళ్ళు చెప్పగలిగిన రోజుల్లోనే మనం వినాలి.